మూలన రాసే పేరు



ఈ వారం గరగపర్రు రెండో భాగం పెడతానని చెప్పాను. వచ్చే వారం పెడతాను. మధ్యలో ఇది రాయకపోతే నాకు తోచేలా లేదు. ఇందులో తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే నాలుగు నెలలు నానుస్తూ వచ్చాను.

మే నెల ఆఖరి వారం. మే 13న పోలింగ్ అయింది, జూన్ 4న కౌంటింగ్. మధ్యలో ఉన్న ఆ ఎండల్లో, ఏలూరులో మా కాలేజీలో ఆరో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ వైవా. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ గారు వచ్చారు. మంచి మనిషే. పిల్లల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగమని, ఆ తర్వాతే ప్రశ్నలడుగుతున్నారు. మా పిల్ల వంతు వచ్చింది. పేరు రాయను. కొల్లేరు లంక ఊరి పిల్ల, మా పిల్ల. ఇంతే చెప్తాను.

"ఐదు నెలలు మీడియా ఆఫీసులో చేశావు కదమ్మా, ఏం నేర్చుకున్నావు?"

"ఎవరి టీలో ఎంత పంచదార వెయ్యాలో నేర్చుకున్నాను సార్."

ఆయన నవ్వారు. జోకనుకున్నారు. పక్కనున్న మా ఇన్‌ఛార్జి కూడా నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఎందుకంటే ఎగ్జామినర్ గారి ముందున్న లాగ్‌బుక్కులో వారం వారం 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టింది నేనే. ఇరవై వారాలు, ఇరవై సంతకాలు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు చిన్న ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. కాగితం మీద చూస్తే మంచి ఆలోచన. డిగ్రీ పట్టుకుని బయటికొచ్చిన పిల్లకి పని ఎలా ఉంటుందో తెలియాలి కదా. కానీ మా పిల్లలకి పని తెలియకపోవడం ఏమిటి? మొదటి ఏడాది ప్రాజెక్టు అంటే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి మీ ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, ఏం పని చేస్తారు అని రాసుకురావడం. మా పేటల పిల్లలు ఎక్కువమంది వాళ్ల పేటనే సర్వే చేసి తెస్తారు. ఒక పిల్లాడు వాళ్ల సొంత ఇల్లు కూడా రాశాడు. 'కుటుంబ యజమాని: కూలీ. వ్యసనాలు: ఉన్నవి.' దానికి నేను మార్కులు వెయ్యాలి.

పెద్ద ఇంటర్న్‌షిప్‌కి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట చేర్చుకునే ఆఫీసు కావాలి. హైదరాబాద్‌లో అన్నయ్యలున్న పిల్లలకి సాఫ్ట్‌వేర్ కంపెనీ లెటర్‌హెడ్డు మీద కాగితం వచ్చేస్తుంది. పిల్ల ఏలూరు దాటదు, కాగితం మాత్రం గచ్చిబౌలి నుంచి వస్తుంది. మావాళ్లకి మందుల షాపు, రైసు మిల్లు లెక్కలు, జెరాక్స్ సెంటరు, ఫొటో స్టూడియో. మా తెలుగు పిల్లలకి ఇంకా కష్టం. తెలుగు చదివినవాళ్లని ఎవరు తీసుకుంటారు? అందుకే ఆర్.ఆర్. పేటలో ఒక డిజిటల్ మీడియా ఆఫీసు ఏటా ముగ్గుర్ని తీసుకుంటానంటే మా కాలేజీ వెంటనే ఎంవోయూ రాసుకుంది. ఆ కాగితం న్యాక్ ఫైల్లో కూడా పెట్టారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఆ పిల్ల బాగా రాస్తుంది. మొదటి ఏడాదిలో 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే అందరూ కోనసీమ కొబ్బరిచెట్లు రాశారు. కోనసీమకీ మాకూ ఏం సంబంధమో ఆ దేవుడికెరుక. ఈ పిల్ల మాత్రం వానాకాలంలో లంకలోకి నీళ్లొస్తే శవాన్ని ఎక్కడ పూడుస్తారో రాసింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నాన్న చేపల లోడింగుకి వెళ్తాడు. ఐసు దంచి, ట్రేలలో చేపలు సర్ది, కలకత్తా వైపు వెళ్లే లారీలెక్కించే పని. అమ్మ రొయ్యల ప్లాంటుకి. తెల్లారగట్ల నాలుగింటికి ప్లాంటు బస్సు రోడ్డు మీదకొచ్చి హారన్ కొడుతుంది. పేటలో ఆడవాళ్లంతా చున్నీలు తలకి చుట్టుకుని ఎక్కుతారు. కొల్లేరు గురించి రాసేవాళ్లు పక్షుల గురించి రాస్తారు, 1999లో అభయారణ్యం చేసిన సంగతి రాస్తారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు రాస్తారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఆపరేషన్ కొల్లేరు రాస్తారు. సొసైటీల పేరు మీద పేదలకిచ్చిన చెరువులు లీజుల పేరుతో ఎవరి చేతుల్లోకి పోయాయో అప్పుడప్పుడూ రాస్తారు. లంకల్లో మా పేటలున్నాయని, ఆ గట్ల మీద మట్టి మోసిందీ, గట్లు తెగినప్పుడు పని పోగొట్టుకున్నదీ మావాళ్లేనని రాసినవాళ్లు ఎంతమంది?

డిసెంబరులో చేరింది. మొదటి రోజే ఇంటిపేరు అడిగారట. ఇంటిపేరు చెప్తే తెలియలేదు. మా ఇంటిపేర్లు అంత తొందరగా తెలియవు, కొన్ని అందరికీ ఉంటాయి. "ఊళ్లో ఎటువైపు మీ ఇల్లు?" అన్నారట. చెప్పింది. అక్కడితో తెలిసిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదట. ఆ మధ్యాహ్నం నుంచి టీ పని ఈ పిల్లది. మిగతా ఇద్దరు ఇంటర్న్‌లు ఎడిటింగ్ సిస్టం ముందు.

నాకు ఈ సంగతి చెప్పినప్పుడు, టీ పెట్టనిస్తున్నారంటే అంటరానితనం లేనట్టే కదా అని ఒక సహోద్యోగి అన్నాడు. నిజంగా అన్నాడు. పీహెచ్‌డీ ఉంది ఆయనకి.

రానుపోను ఖర్చు చూడండి. స్టూడెంట్ బస్ పాస్ ఊరి నుంచి కాలేజీ దాకే. అక్కడి నుంచి ఆర్.ఆర్. పేటకి ఆటో, మళ్లీ ఆటో. సాయంత్రం ఐదింటికి వదలాలి, ఏడు చేస్తారు. కైకలూరు బస్సు తప్పితే గట్టు మీద రెండు కిలోమీటర్లు చీకట్లో నడక, వాళ్ల నాన్న టార్చి పట్టుకుని ఎదురొచ్చేవాడు. లోడింగ్ ఉన్న రాత్రుళ్లు ఆయనా ఉండడు. స్టైపెండ్ సున్నా. 'నేర్పిస్తున్నందుకు మేమే ఫీజు తీసుకోవాలి, మీ మేడం మొహం చూసి వదిలేస్తున్నాం' అన్నారట.

ఎలక్షన్లు దగ్గరపడ్డాక ఆ ఆఫీసుకి ఊపిరాడలేదు. అభ్యర్థుల రీల్స్, పాటలు, 'మన ఊరు మన అన్న' వీడియోలు. ఒకరికొకరు పడని ఇద్దరు అభ్యర్థులకి ఒకే గదిలో తయారయ్యేవట. ఒక సిస్టం ఇటు, ఒక సిస్టం అటు, మధ్యలో కర్టెన్. ఆ కర్టెన్‌కి రెండు పక్కలా క్యాప్షన్లు రాసింది మా పిల్లే! అవతలివాడిని తిట్టేది పొద్దున, ఇవతలివాడిని తిట్టేది మధ్యాహ్నం. లక్షలు చేతులు మారిన సీజన్ అది. ఈ పిల్లకి ఒకరోజు బిర్యానీ ప్యాకెట్ ఇచ్చారు.

ఇంతవరకూ అయితే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదేమో. ఇలాంటివి ఎన్ని లేవు.

ఫిబ్రవరిలో ఆ పిల్ల సొంతంగా ఒక చిన్న వీడియో తీసింది. ఫోనులో. మూడు నిమిషాల నలభై సెకన్లు. నాలుగింటి చీకటి, ప్లాంటు బస్సు హారన్, దీపాల వెలుతుర్లో ఆడవాళ్లు నడిచి రావడం. తర్వాత వాళ్లమ్మ చేతులు. రోజంతా ఐసులో రొయ్యలు వలిచిన చేతులు, వేళ్ల చివర్లు తెల్లగా ఉబ్బి. వాళ్లమ్మ ఒక్క మాటంటుంది అందులో: "చల్లబడీ చల్లబడీ, అన్నం ముద్ద వేడో కాదో కూడా తెలీదు." ఆ తర్వాత ఆటపాకలో పెలికాన్లు, గూళ్లలో పిల్లలకి నోట్లో చేప పెట్టడం. మాటలు తక్కువ. గొంతు తనదే. ఆ గొంతులో లంక యాస ఉంది, 'ఎల్తన్నారు' అంటుంది, 'వత్తాది' అంటుంది. నాకు చూపించింది. నేను క్లాసులో ఏళ్ల తరబడి దళిత సాహిత్యం పాఠం చెప్తున్నాను. ఆ మూడు నిమిషాల నలభై సెకన్లు చూశాక ఆ రోజు క్లాసుకి వెళ్లలేకపోయాను.

ఆఫీసులో చూపించింది. బాగుందన్నారు. నిజంగానే బాగుందన్నారు, 'నీలో విషయం ఉంది' అన్నారు. ఫైల్ తీసుకున్నారు. పది రోజుల తర్వాత వాళ్ల ఛానల్లో వచ్చింది. పేరు 'కొల్లేటి అందాలు'. ముందు డ్రోన్ షాట్లు కలిపారు. బస్సు హారన్ తీసేశారు. గొంతు మార్చారు, విజయవాడ నుంచి ఎవరో యాంకరమ్మ చదివింది, 'వెళ్తున్నారు', 'వస్తుంది'. వాళ్లమ్మ మాట కోసేశారు. చేతులు మాత్రం రెండు సెకన్లు ఉంచారు, వేణువు పాట మీద, ఏదో కష్టజీవి అందంగా కనిపించాలి కదా. చివర్లో పేర్లు. కెమెరా ఓనర్ గారి బావమరిది. స్క్రిప్టు మరొకాయన. ఈ పిల్ల పేరు ఎక్కడా లేదు.

ఇంట్లో అందరూ ఫోను చుట్టూ చేరి చూశారట. వాళ్లమ్మకి చదువు రాదు. వీడియో అయిపోతుంటే, "నీ పేరేదే?" అంది. ఈ పిల్ల ఛానల్ లోగో మీద వేలు పెట్టి, "ఇదేనమ్మా" అంది. వాళ్లమ్మ ఆ లోగోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకుందట.

ఇది నాతో చెప్పింది స్టాఫ్ రూం బయట, చేతిలో లాగ్‌బుక్ పట్టుకుని. "మేడం, నేను మానేస్తాను" అంది.

నేనేం చెప్పానో రాస్తాను. "ఇంకో రెండు నెలలేనమ్మా, సర్టిఫికెట్ వచ్చేదాకా ఓపిక పట్టు. క్రెడిట్స్ పోతాయి" అన్నాను.

మా నాన్నకి కూడా ఎవరో ఇదే మాట చెప్పి ఉంటారు.

మా నాన్న బోర్డులు రాసేవాడు. తాడేపల్లిగూడెంలో. పాత పోస్టుల్లో అమ్మ ఉల్లిపాయల మార్కెట్ పని గురించి రాశాను, నాన్న గురించి ఎక్కువ రాయలేదు. 1980లో పద్దెనిమిదేళ్లప్పుడు ఒక ఆర్టిస్టు గారి దగ్గర చేరాడు. నిచ్చెన మొయ్యడం, కిరసనాయిల్లో బ్రష్షులు కడగడం, గోడకి సున్నం కొట్టి ఆరాక నీలిమందు పొడిలో దారం ముంచి రెండువైపులా పట్టుకుని టప్పున కొట్టడం. గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాలు. ఆరేళ్లు జీతం లేదు. శనివారం సినిమా టికెట్టు, సంక్రాంతికి చొక్కా గుడ్డ. షట్టర్ పక్కన మేకుకి తగిలించిన గ్లాసు నాన్నది. గుడి గోడ పని వస్తే బయటి ప్రహరీ నాన్న, లోపల ఆయన.

కానీ ఆ ఆరేళ్లలోనే నాన్న చెయ్యి తిరిగింది. గూడెం నుంచి ఏలూరు దాకా రోడ్డు పక్కన రైసు మిల్లుల గోడల మీద ఎరువుల ప్రకటనలు, సబ్బుల ప్రకటనలు సగం నాన్న రాసినవే. చిన్నప్పుడు బస్సులో వెళ్తుంటే అమ్మ చూపించేది, 'అది మీ నాన్న రాత, ఇది కాదు' అని. నాకు రెండూ ఒకలాగే కనిపించేవి. అమ్మకి చదువు రాదు, అయినా నాన్న 'క్ష'ని గుర్తుపట్టేది.

ప్రతి బోర్డుకీ కింద కుడి మూలన చిన్నగా ఆర్టిస్టు పేరుంటుంది. ఫలానా ఆర్ట్స్, ఊరు. మీరంతా చూసే ఉంటారు. ఆ మూల కూడా నాన్నే రాసేవాడు. గురువు గారి పేరు, తన చేత్తో. పదకొండేళ్లు. ఆరేళ్లు జీతం లేకుండా, ఐదేళ్లు కూలికి. సంతకం కూడా గురువు గారికంటే నాన్నే బాగా చేసేవాడట, ఆయనే ఒప్పుకునేవాడట నవ్వుతూ. 'నీ చెయ్యి బంగారంరా' అనేవాడట. చెయ్యి బంగారం, పేరు మాత్రం పనికిరాదు.

1991లో అంబేడ్కర్ శతజయంతికి మా పేటలో విగ్రహం పెట్టారు. దిమ్మ మీద అక్షరాలు నాన్న రాశాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ దిమ్మకి కింద కుడి మూలన మొదటిసారి తన పేరు రాసుకున్నాడు. నాకు అప్పుడు మూడేళ్లు, గుర్తులేదు, అమ్మ చెప్పింది. ఆ పేరు రాసి చాలాసేపు నిచ్చెన దగ్గరే కూర్చున్నాడట. తర్వాత పదమూడు పద్నాలుగేళ్లు సొంతంగా రాశాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గంటలో మనిషి మొహంతో సహా వచ్చేస్తుంటే గోడ ఎవడు రాయిస్తాడు? నాన్న వాచ్‌మన్‌గా వెళ్లాడు. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెప్తాను, క్లుప్తంగానే. పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, 2012లో, హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక సీరియల్ కథల గదిలో నాలుగు నెలలు కూర్చున్నాను. ఇంటర్న్ అన్న మాట అప్పుడు లేదు, 'నేర్చుకుంటున్న అమ్మాయి' అనేవాళ్లు. ఒక రోజు హెడ్ రైటర్ గారు నాకు పని విడదీసి ఇచ్చారు: అత్త డైలాగులు ఒకరికి, కోడలు డైలాగులు ఒకరికి, పనిమనిషి డైలాగులు నాకు. "మీకైతే నేచురల్‌గా వస్తుందమ్మా" అన్నారు. నాలుగు నెలలు పనిమనిషి నేనే. ఆ పాత్రకి పేరు కూడా మా అమ్మమ్మ పేరు పెట్టాను, కోపంతోనో ప్రేమతోనో తెలియదు. టైటిల్స్‌లో నా పేరు పడలేదు. డబ్బులు రాలేదు. వదిలేసి వచ్చాను. ఎలా వదలగలిగాను? రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ నెలనెలా కాకపోయినా ఆర్నెల్లకోసారైనా పడేది. మెస్ బిల్లు కట్టేది. తిండికి లోటు లేదు కాబట్టి ఆత్మగౌరవం నిలబెట్టుకున్నాను. ఆ పిల్లకి అది లేదు, మానేస్తే డిగ్రీ ఆగుతుంది. అది తెలిసి కూడా నేను చెప్పింది ఓపిక పట్టమని.

ఏప్రిల్‌లో ఆఫీసుకి వెళ్లాను. మెంటర్లు ఒకసారి వెళ్లి చూసి రావాలి, రూలు. మాట్లాడదామనే వెళ్లాను. ఓనర్ గారు చాలా మర్యాదగా కూర్చోబెట్టారు. టీ వచ్చింది. తెచ్చింది ఆ పిల్లే. నా వైపు చూడలేదు. పంచదార సరిగ్గా ఉంది.

వీడియో సంగతి ఎత్తాను. ఆయన నొచ్చుకోలేదు, నవ్వారు. "మేడం, ఎల్వీ ప్రసాద్ గారిది మన పక్కనే సోమవరప్పాడు. బొంబాయిలో ఆఫీస్ బాయ్‌గా మొదలుపెట్టలేదా ఆయన? వీళ్లకి ఆ ఓపికే లేదు" అన్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఎల్వీ ప్రసాద్ గారు బొంబాయిలో స్టూడియోల చుట్టూ తిరిగి, చిన్నాచితకా పనులు చేసి, 1931లో 'ఆలం ఆరా'లో, 'కాళిదాస్'లో, ఆ తర్వాత 'భక్త ప్రహ్లాద'లో కనిపించారు. మూడు భాషల తొలి టాకీల్లోనూ ఉన్నారు. కష్టపడ్డారు, కాదనను. నేను అడగాల్సింది ఏమిటంటే, ఆయన చేసిన పనికి ఇంకొకరి బావమరిది పేరు వేశారా అని. అడగలేదు. ఎందుకంటే ఆయన వెంటనే, "వచ్చే ఏడాది ముగ్గురు కాదు, ఐదుగురిని పంపండి మేడం" అన్నారు. నాకు ఐదుగురు పిల్లలు కనిపించారు. న్యాక్ ఫైలు కనిపించింది. ప్రిన్సిపాల్ గారి మొహం కనిపించింది. టీ తాగి, విజిటింగ్ షీటు మీద సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

ఆ రాత్రి చట్టాలు తిరగేశాను. చదువుకున్నవాళ్లకి చేతకానప్పుడు చేసే పని అదే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. దాని కింద చేరిన గ్రాడ్యుయేట్‌కి 2019 సవరణ ప్రకారం అప్పటికి నెలకి కనీసం 9,000 రూపాయలు ఇవ్వాల్సి ఉండేది. ఆ చట్టంలో మూడు-ఏ అని ఒక సెక్షన్ ఉంది, నిర్దేశించిన ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకి శిక్షణ స్థానాలు కేటాయించాలని. చదివి కళ్లు నులుముకున్నాను. అయితే కాలేజీ పిల్లలు క్రెడిట్ల కోసం చేసే ఇంటర్న్‌షిప్ దాని కిందకి రాదు. అప్రెంటిస్ అంటే స్టైపెండ్, రిజర్వేషన్. ఇంటర్న్ అంటే టీ. ఒక్క మాట మారిస్తే రెండూ ఎగిరిపోయాయి.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో 'బ్లాక్ స్వాన్' సినిమాకి డబ్బుల్లేకుండా పనిచేసిన ఇంటర్న్‌లు 2011లో ఫాక్స్ సర్చ్‌లైట్ మీద కేసు వేశారు. కాఫీలు తేవడం, ఫొటోకాపీలు తియ్యడం, ఇవన్నీ ఉద్యోగి పనులే కదా, జీతం ఇవ్వండి అని. 2013లో జడ్జి వాళ్లవైపు తీర్పిచ్చారు. 2015లో పై కోర్టు దాన్ని పక్కన పెట్టింది, లాభం ఎవరికి ఎక్కువో చూడాలంది. 2016లో రాజీ అయింది. అంటే అక్కడ గెలిచి ఓడి ఎంతో కొంత పట్టుకున్నారు. ఇక్కడ ఎవరు వేస్తారు కేసు? వకాల్తా ఫీజు బస్సు చార్జీలో మిగలదు.

ఇంకో లెక్క కూడా. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి మీడియా సంస్థల్లో నాయకత్వ స్థానాలు లెక్కపెట్టారు. 121లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ ఒక్కరు కూడా లేరు. ఈ లెక్క మా పిల్లలకి క్లాసులో చెప్తుంటాను. కానీ 106కి చేరే దారిలో మొదటి మెట్టు ఇలాంటి గది మేడం, అక్కడ డబ్బుల్లేకుండా ఆర్నెల్లు కూర్చోగలిగినవాడే రెండో మెట్టు ఎక్కుతాడు మేడం అని ఎవరూ నాకు చెప్పలేదు. చూశాక తెలిసింది.

వైవాకి వద్దాం. పంచదార మాటకి ఎగ్జామినర్ గారు నవ్వి, నా వైపు తిరిగి, "మేడం, మీ అసెస్‌మెంట్?" అన్నారు. అప్పుడు చెప్పాను. అందరి ముందూ కాదు, ఆ పిల్ల బయటికి వెళ్లాక. లాగ్‌బుక్కులో నా సంతకాలు అబద్ధమని చెప్పాను. నా ఫోనులో ఆ అసలు వీడియో ఉంది, చూపించాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని మొత్తం చూశారు. వాళ్లమ్మ మాట దగ్గర ఆపి మళ్లీ విన్నారు. "ఇదీ ప్రాజెక్టు" అన్నారు. ఆ వీడియోకే మార్కులు వేశారు, బాగానే వేశారు. మా ఇన్‌ఛార్జికి నా మీద ఇప్పటికీ కోపం. ఈ ఏడాది ఆ ఆఫీసుకి పిల్లల్ని పంపనని రాసి ఇచ్చాను. ముగ్గురు పిల్లలకి వేరే చోటు చూడలేదు ఇంకా, జెరాక్స్ సెంటరే గతేమో. దీనికి నా దగ్గర జవాబు లేదు.

సెప్టెంబరు మొదటి వారం. బుడమేరు విజయవాడని ముంచింది మీకందరికీ తెలుసు. టీవీలన్నీ సింగ్‌నగర్‌లో ఉన్నాయి. ఆ నీళ్లన్నీ తర్వాత ఎటు వస్తాయి? కొల్లేటికే. నాలుగు రోజులాగి లంకలు మునగడం మొదలైంది. రోడ్డు మీదకి నీళ్లెక్కి ఏలూరు, కైకలూరు మధ్య బస్సులాగాయి. ఆ పిల్ల డిగ్రీ అయిపోయి ఊళ్లోనే ఉంది. ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"మేడం, ఆఫీసోళ్లు ఫోన్ చేశారు. రోడ్డు తెగిపోయింది, మేం రాలేం, నువ్వక్కడే ఉన్నావు కదా, వీడియోలు తీసి పంపమంటున్నారు. ఎంతడగాలి మేడం?"

ఎంతడగాలి? తెలుగు సాహిత్యంలో డాక్టరేటు ఉంది నాకు. ఎంత అడగాలో తెలియలేదు. పక్కన నాన్న కూర్చుని వార్తలు చూస్తున్నాడు. స్పీకర్ పెట్టాను.

నాన్న టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, "రంగు ఖర్చు ముందు తీసుకోమను. కూలి తర్వాత. రంగు డబ్బులు చేతిలో పడకుండా నిచ్చెన ఎక్కద్దను" అన్నాడు.

"రంగేంటి తాతయ్యా?" అంది ఆ పిల్ల.

"నీకు ఆ ఫోనులో ఏం పోస్తే బొమ్మ వస్తాదో అదే రంగు."

రీఛార్జి, ఒక పవర్‌బ్యాంకు, పడవ మనిషికి ఇచ్చే డబ్బులు లెక్కేసి, దాని మీద రెండు వేలు కూలి అడిగింది. 'వరదల్లో కూడా డబ్బులేనా, సేవ కదా ఇది' అన్నారట. ఫోను పెట్టేసిందట. అరగంటకి మళ్లీ వాళ్లే చేశారట. కూలి పన్నెండొందలకి తెగింది. రంగు డబ్బులు ముందే ఫోన్‌పేలో వచ్చాయి. పేరు వెయ్యకపోతే రెండో క్లిప్పు పంపనని కూడా చెప్పిందట, అది నేను చెప్పింది కాదు, నాన్న చెప్పింది కాదు.

మర్నాడు రాత్రి వీడియో వచ్చింది. నడుం లోతు నీళ్లలో మా పేట, మంచాల మీద మంచాలు, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వాళ్లమ్మ. గొంతు మార్చలేదు, అంత టైం లేకపోయి ఉంటుంది. నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకున్నాడు. నీళ్లు చూడలేదు, మంచాలు చూడలేదు. కింద కుడి మూలకి వెళ్లాడు తిన్నగా.

చిన్న అక్షరాల్లో ఉంది పేరు. నాన్న ఫోను దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"దీర్ఘం పోయింది" అన్నాడు. "దిద్దమను. రెండో ముక్క పంపేముందే అడగమను."

ఫోన్ చేశాను. రింగవుతోంది.